ఆన్‌లైన్ ఫస్ట్ ఎయిడ్ శిక్షణకి గిరాకీ ఉందో లేదో డబ్బు పెట్టకముందే ఎలా తెలుసుకోవాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది: మీరు నర్సింగ్ చదివారు, నాలుగేళ్ల అనుభవం ఉంది, తెలుగులో ఆన్‌లైన్ ఫస్ట్ ఎయిడ్ కోర్సు పెట్టాలనుకుంటున్నారు. వెబ్‌సైట్‌కీ వీడియోలకీ కలిపి రెండు లక్షలు అవుతుందని చెప్పారు. అంత పెట్టాక ఎవరూ చేరకపోతే ఎలా అని మీ టెన్షన్.

ఆ డబ్బు ఇంకా ఎవరికీ ఇవ్వకపోతే ఇవ్వకండి. నేను విజయవాడలో ఒక ప్రైవేటు ఆసుపత్రి ఎమర్జెన్సీ వార్డులో తొమ్మిదేళ్లు స్టాఫ్ నర్సుగా చేసి, 2022లో ఇదే పని మొదలుపెట్టాను. మొదటి ఏడాదిన్నర వెబ్‌సైట్ లేకుండానే నడిపాను. వాట్సాప్, గూగుల్ మీట్, ఫోన్‌పే, ఇంట్లో ఉన్న దిండు, ఒక ప్లాస్టిక్ బొమ్మ. డిమాండ్ తెలుసుకోవడానికి ఇవి చాలు.

ముందుగా నేను చేసిన తప్పు చెబుతాను. ఎందుకంటే మీరూ మొదట అదే చేయాలనుకుంటారు. ఒక గూగుల్ ఫారం తయారు చేసి తెలిసిన గ్రూపులన్నిటికీ పంపాను. “ప్రథమ చికిత్స నేర్చుకోవడం అవసరమని మీరు అనుకుంటున్నారా? ఆన్‌లైన్‌లో నేర్పితే చేరతారా?” నూట అరవై మందికి పైగా జవాబిచ్చారు. వద్దన్నవాళ్లు నలుగురు. ఆ రాత్రి నాకు సంతోషంతో నిద్ర పట్టలేదు. రెండు వారాల తర్వాత 499 రూపాయల ఫీజుతో క్లాసు ప్రకటిస్తే ఏడుగురు చేరారు. అందులో ముగ్గురు నాతో చదువుకున్న నర్సులు. వాళ్లకి నేను నేర్పేది ఏమీ లేదు, నా మీద అభిమానంతో కట్టారు.

జనం అబద్ధం చెప్పారని నేను అనను. ప్రాణం కాపాడే పని నేర్చుకుంటారా అని అడిగితే నేర్చుకోనని ఎవరు రాస్తారు? నా ప్రశ్నే సరిగా లేదు. రాబోయే రోజుల్లో చేస్తారా అని అడగకూడదు, ఇప్పటికే ఏం చేశారని అడగాలి. అప్పుడు ఫారం పక్కన పెట్టి ఇరవై మందికి ఫోన్ చేశాను. “గత ఏడాదిలో మీ ఇంట్లో ఎవరికైనా ఒక్కసారిగా ఏమైనా అయిందా? ఆ నిమిషంలో ఏం చేశారు? ఎవరికి ఫోన్ చేశారు? తర్వాత దాని గురించి ఏమైనా నేర్చుకున్నారా?” ఈ నాలుగే అడిగాను, తర్వాత వాళ్లు చెప్పేది విన్నాను. నా కోర్సు గురించి ఒక్క మాట కూడా ఎత్తలేదు.

ఆ ఫోన్లలో విన్నది నేను వార్డులో చూసిందే. కాలిన చోట పేస్ట్ రాశాం, సిరా పోశాం అన్నారు. ఫిట్స్ వస్తే తాళాల గుత్తి చేతిలో పెట్టామన్నారు. నాన్నగారు బాత్రూంలో పడితే వెంటనే పట్టుకుని లేపేశామన్నారు. కానీ ఏడాది, రెండేళ్ల పిల్లలున్న తల్లులు మాట్లాడేటప్పుడు మాత్రం గొంతు మారేది. పల్లీ గింజ, ద్రాక్షపండు, రూపాయి బిళ్ల. “గొంతులో ఇరుక్కుంది అక్కా, ఏం చేయాలో తెలియలేదు, నోట్లో వేలు పెట్టి తీయబోయాను” అని ఒకరు కాదు, ఐదారుగురు చెప్పారు. కనపడని వస్తువు కోసం అలా వేలు పెడితే అది ఇంకా లోపలికి పోవచ్చు. ఇది ఒక్కటి తెలిస్తే చాలు, కొన్ని ప్రాణాలు నిలుస్తాయి. వాళ్లలో ఇద్దరు ఆ తర్వాత యూట్యూబ్‌లో రాత్రంతా వీడియోలు చూశారట. నాకు కావలసిన గుర్తు అదే. ఎవరూ చెప్పకుండానే తనంతట తాను వెతికిన మనిషి రేపు డబ్బు కూడా కడుతుంది.

అప్పుడు రెండు పోస్టర్లు చేశాను. ఒకదాని మీద “ఆన్‌లైన్ ప్రథమ చికిత్స శిక్షణ” అని, రెండోదాని మీద “పసిపిల్లల గొంతులో ఏదైనా ఇరుక్కుంటే మొదటి రెండు నిమిషాల్లో ఏం చేయాలి: తల్లులకు, అమ్మమ్మలకు, నానమ్మలకు” అని. ఒక్కోదానికి వెయ్యి రూపాయల ఫేస్‌బుక్ ప్రకటన, ఒకే వారం, కృష్ణా, గుంటూరు జిల్లాలు. మొదటిదానికి ముగ్గురు మెసేజ్ పెట్టారు, రెండోదానికి నలభై మంది దాటారు. నేర్పేది దాదాపు అదే పాఠం. ప్రథమ చికిత్స అనే మాట మనకి బడి పుస్తకంలోని పాఠంలా వినిపిస్తుంది, గొంతులో ఇరుక్కోవడం అంటే మన ఇంట్లో జరిగేదిలా ఉంటుంది. ఊపిరాడని పసిబిడ్డ ఫొటో పెడితే ఇంకా ఎక్కువ మంది వస్తారని ఒకరు సలహా ఇచ్చారు. నేను పెట్టలేదు, మీరూ పెట్టకండి. భయపడి చేరినవాళ్లు క్లాసులో చేతులు వణుకుతూ కూర్చుంటారు, నేర్చుకోలేరు.

మెసేజ్‌లని కూడా లెక్కలోకి తీసుకోకండి. డబ్బు చేతికి వచ్చాకే లెక్క. “పది మంది ముందుగా ఫీజు కడితే ఆదివారం క్లాసు ఉంటుంది, లేకపోతే శనివారం సాయంత్రానికల్లా మీ డబ్బు తిరిగి పంపిస్తాను” అని రాసి పెట్టాను. ఒక బ్యాచ్‌కి ఆరుగురే వచ్చారు, ఆరుగురికీ డబ్బు వెనక్కి పంపాను. బాధగానే ఉంటుంది, కానీ పంపాల్సిందే. ఎన్ని డబ్బులు వస్తే ముందుకెళ్తారో, ఎన్ని రాకపోతే ఆపేస్తారో ముందే కాగితం మీద రాసుకోండి. తర్వాత రాసుకుంటే మనసు ఆ అంకెని మార్చేస్తుంది.

ఫీజు విషయంలో నాకు తెలిసింది కొంచెం వింతగా అనిపించవచ్చు. 99 పెట్టినప్పుడు చాలామంది కట్టారు గానీ క్లాసుకి సగం మందే వచ్చారు. 299 పెట్టినప్పుడు తక్కువ మంది కట్టారు, కట్టినవాళ్లు దాదాపు అందరూ వచ్చారు, ప్రశ్నలు అడిగారు, మరొకరిని చేర్పించారు. టైం కూడా అంతే ముఖ్యం. రాత్రి తొమ్మిదికి పెడితే పిల్లలు నిద్రపోక తల్లులు మధ్యలో లేచి వెళ్లిపోయేవారు. మధ్యాహ్నం రెండున్నరకి మార్చాక అమ్మమ్మలు కూడా భోజనం చేసి పక్కనే కూర్చుని వినడం మొదలుపెట్టారు. పగలంతా బిడ్డని చూసుకునేది చాలా ఇళ్లలో వాళ్లే కదా.

కంపెనీలకి అమ్ముదామన్న ఆలోచన మీకు వచ్చే ఉంటుంది. నాకూ వచ్చింది. 1948 ఫ్యాక్టరీల చట్టంలో 45వ సెక్షన్ ప్రకారం ప్రతి 150 మంది కార్మికులకి కనీసం ఒక ఫస్ట్ ఎయిడ్ బాక్సు ఉండాలి, దాని బాధ్యత చూసే మనిషికి రాష్ట్ర ప్రభుత్వం గుర్తించిన ప్రథమ చికిత్స సర్టిఫికెట్ ఉండాలి అని అప్పట్లో ఉండేది. ఇది చదివి ఇక గిరాకీకి లోటేముందని అనుకున్నాను. ఒక్కో ఫ్యాక్టరీ ఆఫీసుకి వెళ్తే అడిగిన మొదటి ప్రశ్న “సర్టిఫికెట్ ఎవరిదండీ?” అని. వాళ్లకి కావలసింది తనిఖీలో చూపించగలిగే కాగితం. సెయింట్ జాన్ అంబులెన్స్ లాంటి సంస్థలు ఇచ్చే సర్టిఫికెట్‌కి ఉన్న విలువ నేను ప్రింట్ చేసి ఇచ్చేదానికి ఉండదు. 2025 నవంబర్‌లో ఆ పాత చట్టం స్థానంలో కొత్త కార్మిక కోడ్‌లు (చట్టాలు) అమల్లోకి వచ్చాయి కాబట్టి ఇప్పుడు ఈ దారిలో వెళ్లాలనుకుంటే మీ రాష్ట్ర నిబంధనలు చదువుకుని వెళ్లండి. ఏదేమైనా మీ కాగితం మీద “ప్రభుత్వ గుర్తింపు పొందిన” అని మాత్రం ఊరికే రాయకండి. అలా రాసేవాళ్లని చూశాను, నాకు చాలా కోపం వస్తుంది.

ఇంకో హెచ్చరిక. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ రాజేంద్రనగర్ దగ్గర రోడ్డు మీద కుప్పకూలిన మనిషికి ట్రాఫిక్ కానిస్టేబుల్ సీపీఆర్ (గుండె ఆగినప్పుడు ఛాతీని పదేపదే నొక్కడం) చేసిన వీడియో అందరి ఫోన్లలోకీ వచ్చింది. మార్చి మొదట్లో తెలంగాణ ప్రభుత్వం సీపీఆర్ శిక్షణ కార్యక్రమం కూడా మొదలుపెట్టింది. ఆ మూడు వారాలు నా ఫోను మోగుతూనే ఉంది. మూడు బ్యాచ్‌లు ప్రకటించాను. మొదటిది నిండింది, రెండోది సగం, మూడోదానికి ఇద్దరు. అలాంటి వార్త వచ్చిన నెలలో మీరు పరీక్ష పెడితే ఫలితాన్ని నమ్మకండి, రెండు నెలలాగి మళ్లీ పెట్టండి. జనం ఏ మాటని ఎప్పుడు ఎక్కువగా వెతికారో చూపించే గూగుల్ ట్రెండ్స్‌లో సీపీఆర్ అని కొడితే ఆ గీత ఎలా లేచి పడుతుందో మీకే కనిపిస్తుంది. ఆ రోజుల్లోనే అపార్ట్‌మెంట్ అసోసియేషన్ల వాళ్లు “మావాళ్లకి ఒక అవగాహన కార్యక్రమం పెట్టండి మేడం” అని పిలిచారు. వెళ్లాను, ఇప్పటికీ వెళ్తాను. కానీ ఉచితంగా నిండిన హాలుని చూసి వ్యాపారం లెక్క వేసుకోకూడదు.

నేను అసలు ఊహించని గిరాకీ ఒక మెసేజ్ రూపంలో వచ్చింది. డాలస్‌లో ఉంటున్న ఒకావిడ తెనాలిలో ఒంటరిగా ఉన్న అమ్మానాన్నలకీ, వాళ్ల ఇంట్లో పనిచేసే అమ్మాయికీ నేర్పమని అడిగింది. ఫీజు గురించి ఒక్క మాట అడగలేదు, మూడు వారాలు నేర్పగలరా అని మాత్రం అడిగింది. దూరంగా ఉన్న పిల్లల దిగులు ఎంతటిదో నాకు ఆ రోజు తెలిసింది. ఇలాంటివాళ్లకోసం అమెరికాలోని తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో విడిగా ఒక పోస్టర్ పెట్టి చూస్తే, ఇక్కడ నాలుగు బ్యాచ్‌లకి వచ్చినంత ఒక్క నెలలో వచ్చింది. అయితే డబ్బు కట్టేది కూతురు, నేర్చుకోవాల్సింది తండ్రి. ఆయనేమో “ఈ వయసులో నాకెందుకమ్మా” అంటారు. అందుకని మొదటి ఇరవై నిమిషాలు ఉచితంగా ఆ పెద్దాయనతో మాట్లాడతాను, ఆయన సరే అంటేనే ఫీజు తీసుకుంటాను. మీరు కూడా డబ్బు ఎవరు కడతారు, క్లాసులో ఎవరు కూర్చుంటారు అని విడివిడిగా రాసుకోండి. ఇద్దరూ ఒప్పుకోవాలి.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ముఖ్యమైన సంగతి. ఆన్‌లైన్‌లో ఏం నేర్పగలం, ఏం నేర్పలేం అన్నది కూడా ఈ పరీక్షలోనే తేల్చుకోవాలి. క్లాసైన నెల తర్వాత నేను మొదటి రెండు బ్యాచ్‌ల వాళ్లకి వీడియో కాల్ చేసి, దిండు మీద సీపీఆర్ చేసి చూపించమన్నాను. సగం మంది చేతులు ఎక్కడ పెట్టాలో మర్చిపోయారు. పెద్దవాళ్లకైతే ఛాతీ కనీసం ఐదు సెంటీమీటర్లు దిగాలి, నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కాలి. ఆ లోతు ఎంత బలం పెడితే వస్తుందో తెర మీద చూస్తే చేతికి తెలియదు, శిక్షణ బొమ్మ మీద నొక్కితేనే తెలుస్తుంది. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ వాళ్లు కూడా పాఠం ఆన్‌లైన్‌లో చెప్పినా చేతి పరీక్ష మాత్రం బొమ్మ మీద చేయించే పెడతారు. అందుకే కాలిన గాయాలు, ఫిట్స్, పాము కాటు, 108కి ఏం చెప్పాలి లాంటివి ఆన్‌లైన్‌లో చెబుతాను. సీపీఆర్, గొంతులో ఇరుక్కోవడం ఆన్‌లైన్‌లో చూపించి, నెలకొక ఆదివారం విజయవాడలో బొమ్మల మీద చేయిస్తాను. దానికి వేరే ఫీజు. ఆన్‌లైన్ అయ్యాక ఆ రెండో ఫీజు కట్టి ఎందరు వస్తున్నారన్నదే ఇప్పుడు నేను చూసుకునే అసలు అంకె. మొదటి క్లాసు నచ్చకపోతే ఎవరూ బస్సెక్కి అంత దూరం రారు.

గుడివాడ దగ్గర నుంచి ఒకావిడ అలా వచ్చి నేర్చుకుని వెళ్లింది. కొన్ని వారాలకి ఆమె తొమ్మిది నెలల పాప గొంతులో అరటిపండు ముక్క అడ్డుపడిందట. పాపని ముంజేతి మీద బోర్లా పెట్టి, తల కిందికి వంచి, అరచేతి కింది భాగంతో వీపు మీద ఐదు దెబ్బలు వేసిందట. నాలుగోదానికే బయటికి వచ్చింది, ఐదోది భయంతో కొట్టాను అని చెప్పింది. ఆ వాయిస్ మెసేజ్ ఇప్పటికీ నా ఫోనులో ఉంది.

మీరు ఈ వారంలోనే మొదలుపెట్టవచ్చు. పది మందికి ఫోన్ చేసి నేను అడిగిన నాలుగు ప్రశ్నలూ అడగండి. వాళ్ల మాటల్లోంచే పోస్టర్ మీద రాసే వాక్యం ఏరుకోండి. ఒక తేదీ, ఒక ఫీజు, ఒక వాట్సాప్ నంబరు చాలు. మీరుండే చోటు విజయవాడకి దగ్గరైతే కింద కామెంట్‌లో చెప్పండి. నా దగ్గర పసిపిల్ల శిక్షణ బొమ్మలు రెండున్నాయి, మీ మొదటి బ్యాచ్‌లకి ఒకటి నెల రోజులు వాడుకుని ఇవ్వండి.