రికెన్‌బ్యాకర్ గిటార్లు: మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం అమెరికా గిటార్ కంపెనీ రికెన్‌బ్యాకర్ మీదే ఉన్నాయి, అందుకే వేరేవి వచ్చే సంచికకి ఉంచి వీటినే తీసుకున్నాం.

ప్రశ్న: ఎలక్ట్రిక్ గిటార్ అంటే అందరూ ఫెండర్, గిబ్సన్ పేర్లే చెప్తారు. కానీ వాళ్ళకంటే ముందే రికెన్‌బ్యాకర్ చేసిందని, అది పెనంలా గుండ్రంగా ఉండేదని విన్నాను. నిజమేనా?

జవాబు: నిజమేనండి. మాగ్నెటిక్ పికప్ (తీగల కదలికని కరెంటుగా మార్చే భాగం) పెట్టి, సరిగ్గా పనిచేసి, జనం కొనుక్కుని వాయించిన మొదటి ఎలక్ట్రిక్ గిటార్ వాళ్ళదే. దాని వెనక ఉన్న అసలు మనిషి జార్జ్ బీచమ్, లాస్ ఏంజెలెస్‌లో హవాయియన్ గిటార్ వాయించేవాడు. అప్పట్లో బ్యాండ్‌లో డ్రమ్స్, బాకాల మధ్య గిటార్ వినపడేది కాదు, ఆ బాధతోనే ముందు నేషనల్ అనే కంపెనీలో రెజోనేటర్ గిటార్ల (లోపలి లోహపు రేకుతో శబ్దం పెంచే లోహపు గిటార్లు) పనిలో ఉన్నాడు, ఆ గిటార్లకి మెటల్ బాడీలు చేసిచ్చింది అడాల్ఫ్ రికెన్‌బ్యాకర్ వర్క్‌షాప్. స్విట్జర్లాండ్‌లో పుట్టి అమెరికా వచ్చిన టూల్ మేకర్ ఆయన. 1931లో బీచమ్ నేషనల్ నుంచి బయటికొచ్చాక ఇద్దరూ కలిశారు, ముందు చెక్కతో ఒక నమూనా చేయించి 1932లో అల్యూమినియం పోతపోసి అమ్మడం మొదలుపెట్టారు. గుండ్రటి చిన్న బాడీ, పొడుగు నెక్, అందుకే దానికి ఫ్రయింగ్ పాన్ అన్న పేరు వచ్చింది. ఒళ్ళో పడుకోబెట్టి వాయించే గిటార్ అది.

పికప్ సంగతి చెప్పాలి, ఎందుకంటే గొప్పదనమంతా అక్కడే ఉంది. గుర్రపు నాడా ఆకారంలో రెండు మాగ్నెట్లు ఎదురెదురుగా పెట్టి వాటి మధ్యలోంచి తీగలు పోనిచ్చారు, తీగల కింద కాయిల్. స్టీలు తీగ కదిలితే మాగ్నెటిక్ ఫీల్డ్ మారుతుంది, ఆ మార్పుకి కాయిల్‌లో చిన్న కరెంటు పుడుతుంది, దాన్ని ఆంప్లిఫయర్ పెద్దది చేస్తుంది, అంతే. ఇవాళ్టి ఎలక్ట్రిక్ గిటార్లలో మాగ్నెటిక్ పికప్ ఉన్న ప్రతిదీ ఈ సూత్రం మీదే నడుస్తోంది. కానీ పేటెంట్ 1937 దాకా రాలేదు! ఈలోపు వేరే కంపెనీలు తమ గిటార్లు తెచ్చేసుకున్నాయి. ఇంత పెద్ద ఆలోచన చేసిన బీచమ్ 1941లోనే చనిపోయాడు, ఇప్పుడు ఆయన పేరు గిటార్ వాయించేవాళ్ళలో కూడా చాలామందికి తెలీదు, అది నాకు చాలా అన్యాయంగా అనిపిస్తుంది.

ఇంకొకటి, అల్యూమినియంతో ఒక ఇబ్బంది ఉండేది, స్టేజి లైట్ల వేడికి లోహం వ్యాకోచించి ట్యూనింగ్ మారిపోయేది. అందుకే 1935లో బేకలైట్ అనే గట్టి ప్లాస్టిక్‌తో చేసిన మోడల్స్ తెచ్చారు.

ప్రశ్న: మామూలు 12 తీగల గిటార్ నా దగ్గరుంది. రికెన్‌బ్యాకర్ 12 తీగల సౌండ్ మాత్రం ఎంత ట్రై చేసినా రావట్లేదు. తేడా ఎక్కడుంది?

జవాబు: ఒక్కచోట కాదు, చాలా చోట్ల ఉంది. మొదట తీగల వరస చూడండి. మీ గిటార్‌లో లావు తీగ, దాని పక్కన పై ఆక్టేవ్ సన్న తీగ జంటగా ఉంటాయి కదా, కింది వైపుకి స్ట్రోక్ కొడితే మామూలు 12 తీగల గిటార్‌లో సన్న తీగ ముందు తగులుతుంది, రికెన్‌బ్యాకర్‌లో లావుది ముందు తగులుతుంది. వినడానికి ఇంతేనా అనిపిస్తుంది గానీ మూల స్వరం ముందు పలికి దాని మీద ఆక్టేవ్ మెరవడం అనేది చెవికి స్పష్టంగా తెలిసిపోతుంది.

తర్వాత బాడీ. 1953లో కంపెనీని ఎఫ్.సి. హాల్ కొన్నాడు, మరుసటేడు జర్మనీ నుంచి వచ్చిన రోజర్ రోస్‌మైసల్‌ని డిజైన్‌కి పెట్టుకున్నాడు. రోస్‌మైసల్ తండ్రి కూడా గిటార్లు చేసినవాడే. 1958లో వచ్చిన కాప్రి మోడల్స్ ఈయనవే, నెలవంకలా వంగిన ఆ కొమ్ములు, ముందువైపు ఒకే ఒక్క పొడుగాటి చీలిక, ఎవరు చూసినా రికెన్‌బ్యాకర్ అని గుర్తుపట్టేస్తారు. చెక్కని వెనకనుంచి తొలిచి ఖాళీ చేసి ఆ వెనక వేరే పలక అతికిస్తారు, అంటే పూర్తి సాలిడ్ కాదు, పూర్తి బోలు కాదు. చెక్క మేపుల్, గట్టి చెక్క. దానికి తోడు పాత టోస్టర్ పికప్స్ (చూడ్డానికి బ్రెడ్ టోస్టర్‌లా ఉంటాయని ఆ పేరు) అవుట్‌పుట్ తక్కువ, అందుకే పై స్వరాలు బురదబురదగా కాకుండా విడివిడిగా వినిపిస్తాయి.

హెడ్‌స్టాక్, అంటే తీగలు బిగించే కీలుండే తల, నాకు వ్యక్తిగతంగా అన్నిటికంటే ఇష్టం. 12 కీలు వరసగా పెడితే తల బారెడు అయిపోయి గిటార్ ముందుకి తూలుతుంది. వీళ్ళేం చేశారంటే ఆరు కీలు మామూలుగా పక్కకి పెట్టి, మిగతా ఆరూ క్లాసికల్ గిటార్‌లోలాగా వెనక్కి తిరిగేట్టు పెట్టి వాటికి గాళ్ళు చెక్కారు, దాంతో 6 తీగల గిటార్ సైజు తలలోనే 12 ఇమిడిపోయాయి. 1964 ఫిబ్రవరిలో బీటిల్స్ న్యూయార్క్ వచ్చినప్పుడు హాల్ ఒక 360/12 (12 తీగల మోడల్) ని జార్జ్ హారిసన్‌కి అందేలా చేశాడు. ఆ ఏడాదే వచ్చిన వాళ్ళ సినిమాలో అది చూసి బర్డ్స్ బ్యాండ్ రోజర్ మెగ్విన్ తనూ ఒకటి తెచ్చుకున్నాడు. ఆయన రికార్డింగుల్లో కంప్రెసర్ (శబ్దంలో హెచ్చుతగ్గుల్ని సమం చేసే పరికరం) బాగా వాడారు, స్వరం వెంటనే ఆరిపోకుండా సాగడానికి కారణం అదే. కాబట్టి మీకు గిటార్ మార్చే వీలు లేకపోతే ముందు ఒక కంప్రెసర్ పెడల్ పెట్టి చూడండి, ఆంప్‌లో బేస్ (మంద్ర స్వరాలు) తగ్గించండి. జంట తీగలు తారుమారు చెయ్యాలంటే మాత్రం నట్ (హెడ్‌స్టాక్ దగ్గర తీగలు ఆనే పట్టీ) గాళ్ళు కూడా మార్చాలి, అది రిపేర్ తెలిసినవాళ్ళ చేతే చేయించండి.

ప్రశ్న: పాత రికెన్‌బ్యాకర్ 4001 బేస్ గిటార్ కొన్నాను. నెక్ ముందుకి వంగింది. ట్రస్ రాడ్ నట్ నేనే బిగించొచ్చా?

జవాబు: దయచేసి ఆగండి! ట్రస్ రాడ్ అంటే నెక్ లోపల ఉండి దాని వంపుని అదుపుచేసే లోహపు కడ్డీ. రికెన్‌బ్యాకర్ నెక్‌లో రాడ్ ఒకటి కాదు, రెండుంటాయి, పాత 4001లో అవి హెయిర్‌పిన్‌లా మడిచినవి. ఇవి నెక్‌ని వంచి సరిచేసేవి కావు, సరిచేసిన నెక్‌ని అలా నిలబెట్టేవి. తీగలు వదులు చేసి, నెక్‌ని చేత్తో కావలసిన వంపుకి తెచ్చి పట్టుకుని అప్పుడు నట్లు బిగించాలి. నట్ బలంతోనే లాగితే ఫింగర్‌బోర్డు (నెక్ మీద వేళ్ళు పెట్టే పలక) లేచిపోయే ప్రమాదం ఉంది. పైగా ఈ బేస్‌లో నెక్, బాడీ మధ్యభాగం ఒకే చెక్కగా చివరిదాకా వెళ్తాయి, 1957 నాటి 4000 బేస్ నుంచీ ఇదే పద్ధతి, కాబట్టి నెక్ పాడైతే బోల్టులు విప్పి ఇంకోటి వేసుకోవడం కుదరదు. తర్వాతి 4003లో రాడ్ వేరే రకం, దాన్ని మామూలుగా సెట్ చేసుకోవచ్చు.

ప్రశ్న: ఫెండర్‌కి స్క్వయర్, గిబ్సన్‌కి ఎపిఫోన్ అని చవక బ్రాండ్లున్నాయి. రికెన్‌బ్యాకర్‌కి తక్కువ ధర మోడల్ ఎందుకు లేదు?

జవాబు: వద్దనుకున్నారు, అంతే. కాలిఫోర్నియాలోని శాంటా ఆనాలో తప్ప ఇంకెక్కడా చేయించరు, కుటుంబ కంపెనీ, 1984లో హాల్ కొడుకు జాన్ హాల్ చేతికి వచ్చింది. బాడీ ఆకారాలకి కూడా ట్రేడ్‌మార్క్ తీసుకుని నకళ్ళ మీద గట్టిగా పోరాడతారు. కొనుక్కోలేని కుర్రాళ్ళకి కష్టమే, ఆ బాధ నాకూ ఉంది, కానీ అన్ని గిటార్లూ ఒకే ఫ్యాక్టరీలోంచి రావడం వల్ల వచ్చే నమ్మకాన్ని నేను తక్కువ చెయ్యలేను.

ప్రశ్న: నా రికెన్‌బ్యాకర్ 360 గిటార్‌కి రెండు కేబుల్ రంధ్రాలున్నాయి. ఏది వాడాలి?

జవాబు: మామూలు కేబుల్ అయితే స్టాండర్డ్ అని రాసి ఉన్నదాంట్లోనే పెట్టండి. రెండోది రిక్-ఓ-సౌండ్, స్టీరియో కోసం, నెక్ పికప్ ఒక ఆంప్‌కి, బ్రిడ్జ్ పికప్ ఇంకో ఆంప్‌కి విడివిడిగా పంపుతుంది. దాంట్లో మోనో కేబుల్ పెడితే ఒక పికప్పే వినిపిస్తుంది, గిటార్ పాడైందని కంగారు పడకండి.