హాస్టల్ నుంచి రోజూ ఏడుపు ఫోన్: వెనక్కి పిలిపించే ముందు

ప్రశ్న: మాది పల్నాడు జిల్లా. మా అబ్బాయి ఇంటర్ రెండేళ్లూ విజయవాడలో రెసిడెన్షియల్ కాలేజీలో చదివాడు. ఆగస్టులో ఒడిశాలో ఎన్‌ఐటీలో మెకానికల్ బ్రాంచిలో చేరాడు. రెండు నెలలు దాటింది. రోజూ రాత్రి ఫోన్ చేసి ఏడుస్తున్నాడు. తిండి పడట్లేదు, హిందీ రాదు, క్లాసులో ఏమీ అర్థం కావట్లేదు, వచ్చేస్తానంటున్నాడు. మిడ్‌సెమ్‌లో లెక్కల్లో 30కి 9 వచ్చాయి. నేను మనసాగక రోజుకి ఐదారుసార్లు ఫోన్ చేస్తున్నాను. వార్డెన్‌తోనూ, రూమ్మేట్‌తోనూ మాట్లాడాను. అది తెలిసి వాడు రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మావారు ఒకరోజు ‘ఇంత కష్టపడి సీటు తెచ్చుకుని ఇదేం ఏడుపు’ అంటారు, ఇంకోరోజు ‘వచ్చెయ్ రా, గుంటూరులో మేనేజ్‌మెంట్ సీటు చూస్తా’ అంటారు. ఏం చెయ్యాలో తోచడం లేదు.

జవాబు:

అమ్మా, ముందు ఒక విషయం తేల్చుకోండి. ఉండాలా, వచ్చేయాలా అన్న నిర్ణయం మొదటి సెమిస్టర్ ఫలితాలు వచ్చాకే. అంతవరకూ మీ ఇంట్లో ఆ మాట ఎత్తొద్దు. దీనికి కారణం ఉంది. ఈఏపీసెట్ కౌన్సెలింగ్ ముగిసిపోయింది. ఇప్పుడు డబ్బు కట్టి ఎక్కడో చేర్పించినా అక్కడ కూడా రెండు నెలల పాఠాలు, హాజరు పోయి ఉంటాయి. అంటే ఇక్కడ పడుతున్న ఇబ్బందే అక్కడా పడతాడు, పైగా ఓడిపోయి వచ్చానన్న బాధ తోడవుతుంది. సెమిస్టర్ పూర్తి చేసి వచ్చేస్తే పోయేది పెద్దగా ఏమీ లేదు, చదివిన సబ్జెక్టులైనా చేతిలో ఉంటాయి.

మీవారితో ఈ మాట విడిగా కూర్చుని మాట్లాడండి. ఆయన అనే రెండు మాటల్లో మొదటిది వింటే అబ్బాయి ఇంకేం చెప్పుకోవడానికీ జంకుతాడు. రెండోది వింటే, ఇంకొంచెం గట్టిగా ఏడిస్తే తీసుకెళ్లిపోతారన్న ఆశ పుడుతుంది. ఆ ఆశ ఉన్నంతకాలం అక్కడ ఎవరితోనూ కలవడు, పుస్తకం తెరవడు. తర్వాత ఇద్దరూ కలిసి ఒకే ఫోన్‌లో, ఒకే మాట చెప్పండి: ‘డిసెంబరులో పరీక్షలు రాసి ఇంటికి రా. అప్పుడు ముగ్గురం కూర్చుందాం. నువ్వు వద్దంటే బలవంతం చెయ్యం. అప్పటిదాకా మాత్రం అక్కడ ఉండడానికి ఏం కావాలో చూద్దాం.’

రెండేళ్లు హాస్టల్లో ఉన్నవాడికి ఇప్పుడు కొత్తేమిటని అందరూ అంటుంటారు. అసలు చిక్కు అక్కడే ఉంది. రెసిడెన్షియల్ కాలేజీలో పొద్దున లేపడం నుంచి రాత్రి స్టడీ అవర్ దాకా ప్రతి గంటా వేరేవాళ్లే నిర్ణయించారు. ఏ చాప్టర్ ఎప్పుడు, వీకెండ్ టెస్ట్ ఎప్పుడు, తప్పులు ఎక్కడ, అన్నీ ఎవరో చెప్పారు. యూనివర్సిటీలో ఒక్కరు కూడా చెప్పరు. క్లాసుకి వెళ్లకపోతే అడిగేవాళ్లుండరు. తెల్లవారుజాము మూడింటిదాకా ఫోన్ చూసినా లైటు ఆర్పేవాళ్లుండరు. మీ వాడికి ఇంటి మీద బెంగ ఉంది, నిజమే. దానికంటే ఎక్కువగా, రోజుని తనకు తానే నడుపుకోవడం రాకపోవడం వేధిస్తోంది. మీరు ఐదారుసార్లు ఫోన్ చేసి లేచావా, తిన్నావా, వెళ్లావా అని అడిగితే ఆ పాత పర్యవేక్షణే ఫోన్‌లో కొనసాగుతుంది. నేర్చుకోవాల్సింది అలాగే మిగిలిపోతుంది.

మార్కుల సంగతికి వద్దాం, ఎందుకంటే వాడి భయం చాలావరకు అక్కడే ఉంది. సాధారణంగా ఎన్‌ఐటీల్లో మిడ్‌సెమ్‌కి 30, ఎండ్‌సెమ్‌కి 50, మిగతా 20 అసైన్‌మెంట్లకు, క్విజ్‌లకు ఉంటాయి. విభజన ఒక్కోచోట కొంచెం మారుతుంది. ఈ లెక్కన వాడు పోగొట్టుకున్నది 21, చేతిలో ఉన్నవి ఇంకా 70. వాటిలో అసైన్‌మెంట్లలో 12, ఎండ్‌సెమ్‌లో 25 తెచ్చుకున్నా మొత్తం 46 అవుతుంది. పాస్ మార్కు 35, 40 ఉండే చోట గట్టెక్కినట్టే. చాలా సంస్థల్లో గ్రేడు క్లాసులో మిగతావాళ్ల మార్కులతో పోల్చి ఇస్తారు కాబట్టి క్లాసు సగటు ఎంతో కనుక్కోమనండి. సగటు 12 ఉన్నప్పుడు 9, సగటు 22 ఉన్నప్పుడు 9, రెండూ ఒకటి కావు.

ఆ తర్వాత వాడు చెయ్యాల్సిన పని, జవాబు పత్రం చూసుకోవడం. మిడ్‌సెమ్ పత్రాలు విద్యార్థికి చూపిస్తారు, కానీ మార్కులు తక్కువ వచ్చినవాళ్లు సిగ్గుపడి వెళ్లరు. వెళ్లి ప్రతి ప్రశ్న పక్కనా ఎందుకు పోయిందో రాసుకోమనండి. మూడు రకాలుగా పోతాయి. జవాబు కరెక్టే, మధ్యలో మెట్లు రాయలేదు. వచ్చు గానీ టైము చాలలేదు. అసలు ఆ పాఠమే తెలియదు.

జేఈఈ కోసం రెండేళ్లు రుద్దిన పిల్లల్లో మొదటి రకం బాగా కనిపిస్తుంది. ఆప్షన్లు చూసి తీసివేతలతో జవాబు పట్టడం, షార్ట్‌కట్‌తో చివరి అంకె తేల్చడం వాళ్లకు అలవాటు. యూనివర్సిటీ పేపర్‌లో ఒక శ్రేణి అభిసరిస్తుందో లేదో (కూడుతూ పోతే ఒక నిర్దిష్ట విలువకి చేరుతుందో లేదో) చెప్పమంటే, ఏ టెస్ట్ సూత్రం వాడారు, దాని షరతు ఇక్కడ ఎందుకు సరిపోయింది, చివరికి ఏం తేలింది అని వరుసగా రాయాలి. మీ వాడు రెండు లైన్లలో ‘అభిసరిస్తుంది’ అని తేల్చేస్తే ఆరు మార్కుల ప్రశ్నకి ఒకటో రెండో పడతాయి. ఇదే కారణమైతే రోజూ రెండు లెక్కలు పూర్తి మెట్లతో కాగితం మీద రాయడం నాలుగు వారాలు చేస్తే చాలా తేడా వస్తుంది. టైము చాలకపోతే సీనియర్ల దగ్గరో లైబ్రరీలోనో పాత పేపర్లు తీసుకుని గడియారం పెట్టుకుని రాయాలి. మూడో రకమైతే ట్యుటోరియల్ క్లాసులో కూర్చుని, అక్కడ సాయం చేసే పీహెచ్‌డీ విద్యార్థిని అడగాలి.

ప్రోగ్రామింగ్‌లో కూడా వెనకబడ్డానని అంటుంటే ఒక మాట చెప్పండి. సీబీఎస్‌ఈ నుంచి వచ్చిన కొందరికి అది ముందే పరిచయం. మన ఇంటర్ ఎంపీసీలో ఆ సబ్జెక్టే లేదు. వాడి తెలివి తక్కువ కాదు, మొదలుపెట్టడమే ఇప్పుడు.

ప్రతి విద్యార్థికీ ఒక ఫ్యాకల్టీ అడ్వైజర్, అంటే చదువు విషయంలో సలహా ఇచ్చే అధ్యాపకుడు, ఉంటారు. ఆయనకి ఇంగ్లిష్‌లో నాలుగు లైన్ల మెయిల్ చాలు: పేరు, రోల్ నంబరు, ఏ సబ్జెక్టులో ఎన్ని వచ్చాయి, ఎప్పుడు కలవమంటారు. అది అబ్బాయే రాయాలి, మీవారు కాదు. రాసి పంపేముందు మీకు చదివి వినిపిస్తానంటే వినండి, తప్పులు దిద్దకండి.

హాజరు గురించి ఒకసారి నిదానంగా అడగండి. చాలాచోట్ల 75 శాతం ఉండాలి, కొన్నిచోట్ల ఇంకా ఎక్కువ. తగ్గితే ఆ సబ్జెక్టు పరీక్షకే కూర్చోనివ్వరు. సెమిస్టర్‌లో 40 క్లాసులుంటే మానగలిగేవి 10. ఇప్పటికే 8 మాని ఉంటే ఇక మిగిలినవి రెండే, జ్వరమొచ్చినా అందులోనే సర్దుకోవాలి. మార్కులకంటే ముందు ఇది కొంప ముంచుతుంది. పొద్దున్న 8 గంటల క్లాసు పోతోందంటే రాత్రి నిద్ర సంగతి అడగండి. ‘ఎందుకు మానేశావు’ అనకుండా ‘ఎన్నింటికి పడుకుంటున్నావు నాన్నా’ అంటే నిజం చెప్తాడు.

ఇక ఫోన్. రోజుకి ఒకసారి, భోజనమయ్యాక, ఇద్దరికీ కుదిరిన సమయానికి, 15 నుంచి 20 నిమిషాలు. అది కూడా ఒక్కసారిగా తగ్గించకండి. అమ్మకి కోపం వచ్చిందనుకుంటాడు. ‘పగలు క్లాసుల మధ్యలో నిన్ను ఇబ్బంది పెడుతున్నాను, ఇకనుంచి రాత్రి తొమ్మిదింటికి తీరిగ్గా మాట్లాడుకుందాం, అవసరమైతే నువ్వు ఎప్పుడైనా చెయ్యి’ అని చెప్పి మొదలుపెట్టండి. వారంలో కనీసం రెండు రోజులు మీవారు మాట్లాడాలి, మార్కుల మాట లేకుండా. ‘తిన్నావా’కి ‘ఆఁ’ అనే జవాబు తప్ప ఏమీ రాదు. ‘ఇవాళ ఎవరితో కూర్చుని తిన్నావు’ అని అడిగితే, వాడు ఒంటరిగా తింటున్నాడో లేదో తెలుస్తుంది.

ఏడ్చినప్పుడు వెంటనే ఓదార్పు, సలహా, పరిష్కారం మూడూ కుమ్మరించకండి. ‘ఊరికే వినమంటావా, ఏమైనా చెయ్యమంటావా?’ అని అడగండి. ఒకటి గుర్తుంచుకోండి, సాయంత్రాలు, ఆదివారాలు బెంగ ఎక్కువవుతుంది. పిల్లలు ఆ బరువంతా అమ్మ దగ్గర దించేసి అన్నం తినడానికి వెళ్లిపోతారు. అమ్మ మాత్రం తెల్లవార్లూ మోస్తుంది. మర్నాడు పొద్దున ఎలా ఉన్నాడన్నది చూశాకే ఆ రాత్రి ఏడుపుకి ఎంత విలువ ఇవ్వాలో నిర్ణయించుకోండి.

వార్డెన్‌కీ రూమ్మేట్‌కీ వాడికి తెలియకుండా ఫోన్ చెయ్యడం ఆపండి. తోటివాడి ముందు తల కొట్టేసినట్టయింది, అందుకే మాట్లాడలేదు. ‘నీకు చెప్పకుండా చేశాను, ఇక చెయ్యను’ అని చెప్పండి. ప్రాణానికో ఆరోగ్యానికో ముప్పనిపిస్తే మాత్రం ఎవరినీ అడగక్కర్లేదు, వెంటనే చెయ్యండి.

తిండికి దారి ఉంది. అక్కడి కూరల్లో ఆవనూనె వాసన పడకపోతే పప్పు, పెరుగు, గుడ్డుతో సర్దుకుంటూ పక్కన మన పొడి కలుపుకుంటే కడుపు నిండుతుంది. కందిపొడి, కరివేపాకు పొడి పావుకిలో చొప్పున విడివిడిగా సీలు చేయించి పంపండి. రెండు కిలోలు ఒకే డబ్బాలో పంపితే తడి చెయ్యి ఒక్కసారి తగిలినా మొత్తం బూజు పడుతుంది. ఆవకాయ అరకిలో చాలు, పైన నూనె తేలేలా పెట్టి, పొడి చెంచా కూడా అందులోనే వెయ్యండి. ఇండక్షన్ స్టవ్ మాత్రం పంపొద్దు. చాలా హాస్టళ్లలో నిషేధం. వైరింగ్ ఆ లోడు తట్టుకోదు, పట్టుకుంటే జరిమానా కూడా వేస్తారు.

భాష విషయంలో, తెలుగు సీనియర్లతో ఉండడం మొదట్లో మంచిదే. ఊళ్లో ఆసుపత్రి ఎక్కడ, ఏ మెస్ నయం అన్నవి వాళ్లే చెప్తారు. కానీ పొద్దస్తమానం అక్కడే ఉంటే రెండేళ్లకి కూడా హిందీ రాదు, ల్యాబ్ పార్ట్‌నర్‌తో మాటా కలవదు. ఆటలో, క్లబ్బులో ఒక్కదాంట్లో చేరితే చాలు. మాట రాకపోయినా వాలీబాల్ ఆడొచ్చు.

డబ్బు నెలకొకసారి, ఒకటో తారీఖున వెయ్యండి. మెస్ ఫీజు ముందే కట్టేస్తారు కాబట్టి చిల్లర ఖర్చుకి ఎంత కావాలో మొదటి నెల వాడినే రాసి చూపమనండి. నెల మధ్యలో మళ్లీ మళ్లీ అడుగుతుంటే కోప్పడకుండా లోన్ యాప్‌లు, బెట్టింగ్ యాప్‌ల గురించి అడగండి. ముందే ‘ఏ తప్పు జరిగినా డబ్బు విషయం మాకే మొదట చెప్పు, తిట్టం’ అని మాటివ్వండి.

ఇప్పుడు ఆలస్యం చెయ్యకూడనివి. ర్యాగింగ్ గురించి సూటిగా అడగండి: రాత్రిళ్లు గదికి పిలుస్తున్నారా, డబ్బు అడుగుతున్నారా, ఏమైనా చేయించారా అని. యూజీసీ 2009లో తెచ్చిన నిబంధనల ప్రకారం ప్రతి సంస్థలో యాంటీ ర్యాగింగ్ కమిటీ ఉండాలి. జాతీయ హెల్ప్‌లైన్ 1800-180-5522, రోజంతా పనిచేస్తుంది.

రెండు వారాలుగా నిద్ర, తిండి రెండూ పోయినా, స్నానం కూడా మానేసి గదిలోనే ఉంటున్నా, ఏడుపు ఆగిపోయి ఏ భావమూ లేకుండా మాట్లాడుతున్నా, ‘నేను లేకపోతే మీకే నయం’ లాంటి మాట ఒక్కసారి అన్నా అది బెంగ కాదు. ‘చచ్చిపోవాలనిపిస్తోందా’ అని నేరుగా అడగండి. అడిగినందువల్ల ఆ ఆలోచన పుట్టదు, చెప్పుకునే వీలు దొరుకుతుంది. అవునంటే ఫోన్ పెట్టకుండా, ఇంట్లో ఇంకొకరితో వార్డెన్‌కి ఫోన్ చేయించి మనిషిని గదికి పంపించండి. దొరికిన బండి ఎక్కి మీరు బయల్దేరండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కి ఏ వేళైనా చెయ్యొచ్చు, ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు. మామూలు బెంగకి కూడా క్యాంపస్ కౌన్సెలర్ దగ్గరికి వెళ్లమనండి. మార్కుల జాబితాలో ఎక్కడా అది పడదు.

రైలు రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుస్తారు. పరీక్షల టైంటేబుల్ చూసి డిసెంబరు టికెట్ బుకింగ్ తెరవగానే తీయించండి, ఇంటికి రావడానికీ తిరిగి వెళ్లడానికీ. వచ్చే తేదీ చేతిలో ఉంటే మధ్య రోజులు గడపడం తేలికవుతుంది. ఈలోగా మీరు ఒకసారి వెళ్లొచ్చు, రెండు రోజులు చాలు. వెళ్తే వాడి గది సర్దకండి, వాడినే క్యాంపస్ చూపించమనండి.

ఫలితాలు వచ్చాక కూడా మనసు మారకపోతే, వాడు ఆ సబ్జెక్టునే వద్దంటున్నాడా, ఆ ఊరిని వద్దంటున్నాడా అన్నది ముందు తేల్చుకోండి. ఊరే కారణమైతే రెండో సెమిస్టర్ కూడా చూడమని అడగండి, అప్పటికి స్నేహాలు కుదురుతాయి. మెకానికలే పడకపోతే బ్రాంచి మార్పు నియమాలు ఆ సంస్థ అకడమిక్ సెక్షన్‌లో కనుక్కోమనండి. అదీ కాదంటే, వచ్చే ఏడాది ఎక్కడ చేరతాడో ఖాయమయ్యాకే ఇక్కడ నో డ్యూస్ (బకాయిలేమీ లేవన్న పత్రం) తీసుకుని ఒరిజినల్ సర్టిఫికెట్లు వెనక్కి అడగమనండి.