డెలియన్ కూటమిని కూల్చింది స్పార్టా కాదు

"డెలియన్ కూటమి పతనానికి స్పార్టా గెలుపే కారణమా?" అని అడిగారు. పర్షియాకు ఎదురుగా ఏథెన్స్ నాయకత్వంలో గ్రీకు ఊళ్లు కట్టుకున్న పొత్తు ఇది; స్పార్టా ఏథెన్స్‌తో పోరాడి గెలిచిన మరో గ్రీకు రాజ్యం. కానే కాదు, స్పార్టా కారణం కాదు. క్రీ.పూ. 404లో ఏథెన్స్ లొంగిపోయేనాటికి ఆ కూటమి ప్రాణం పోయి యాభై ఏళ్లయింది. డెలోస్ దీవిలో ఉన్న ఉమ్మడి ఖజానాను 454లో ఏథెన్స్‌కు తరలించినప్పుడే దాని పని అయిపోయింది.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. కూటమి ఊళ్లు కట్టిన సొమ్ము లెక్కలు చెక్కిన రాయిని కళ్లారా చూశాను. నేను ఆడిటర్ని. ఏథెన్స్ వెళ్లినప్పుడు మావాళ్లంతా అక్రోపోలిస్ మీద ఫొటోలు దిగుతుంటే నేను శాసనాల మ్యూజియం వెతుక్కుంటూ వెళ్లాను. పక్కనే ఉన్న జాతీయ పురావస్తు మ్యూజియం జనంతో కిటకిటలాడుతోంది. ఇక్కడ మాత్రం కాపలా ఉన్న ఆవిడ, నేను, అంతే. ప్రపంచ చరిత్రలో ఇంత ముఖ్యమైన లెక్కల పత్రాన్ని ఎవరూ పట్టించుకోకపోవడం నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

ఆ పాలరాయి మూడున్నర మీటర్లకు పైనే ఉంటుంది. పగిలిన ముక్కలన్నీ ఏరి అతికించి నిలబెట్టారు. నిలువు వరుసల్లో ఊళ్ల పేర్లు, పేరు పక్కన ఒక మొత్తం. ఇంగ్లీషు 'హెచ్' అక్షరంలా కనిపించే గుర్తు ఒక్కటే ఉంటే వంద ద్రాక్మాలని (గ్రీకుల వెండి నాణేలు) అర్థం. అయితే అది ఆ ఊరు కట్టిన కప్పం కాదు. అందులో అరవయ్యో వంతు మాత్రమే, ఎథీనా దేవతకు తీసిన వాటా. అంటే ఆ ఊరు 6,000 ద్రాక్మాలు, ఒక టాలెంటు, కట్టిందన్నమాట. నేను నిలబడి ఒక్కో అంకెనూ అరవైతో హెచ్చవేసుకుంటూ చదివాను. మిగతా 59 వంతులు ఎక్కడ ఖర్చయ్యాయో ఆ రాతి మీద ఒక్క ముక్క లేదు. దేవత వాటాకు పైసా పైసా లెక్క ఉంది, కట్టినవాళ్లకు చెప్పే లెక్క లేదు. ఉమ్మడి సొమ్ము అలా ఒకరి పెత్తనం కిందికి వెళ్లాక అది పొత్తు ఎలా అవుతుంది?

మొదలైనప్పుడు మాత్రం నిజంగా గొప్ప ఆలోచనే. పర్షియన్లను తరిమాక, 478లో, ఇనుప ముద్దలు సముద్రంలో పడేసి, అవి తేలేదాకా మాట తప్పమని ప్రమాణం చేశారు. ఎవరెంత ఇవ్వాలో ఏథెన్స్ నాయకుడు అరిస్టైడిస్ లెక్కకట్టాడు, మొత్తం 460 టాలెంట్లు. ఓడలైనా ఇవ్వొచ్చు, డబ్బైనా ఇవ్వొచ్చు. అసలు చిక్కు అక్కడే వచ్చింది. ఏళ్ల తరబడి ఇల్లూవాకిలీ వదిలి యుద్ధాలకు తిరగడం ఎందుకని చాలా ఊళ్లు డబ్బు కట్టి ఊరుకున్నాయి. ఆ డబ్బుతో ఏథెన్స్ తన ఓడలు కట్టుకుంది. కూటమి వదిలి పోతామని నాక్సోస్ దీవి అంటే ముట్టడించి లొంగదీసింది. థాసోస్ దీవి తిరగబడితే గోడలు కూల్పించి, ఓడలు లాక్కుని, ఎదురుగట్టున ఉన్న గనిని కూడా తీసేసుకుంది. తప్పు మిత్రులది కూడా అని ఆ కాలపు ఏథెన్స్ చరిత్రకారుడు థుసిడిడీస్ అప్పుడే రాశాడు. నేను పూర్తిగా ఒప్పుకుంటాను.

పోటీ పరీక్షల నోట్సుల్లో మాత్రం ఆనాటి ఏథెన్స్ నాయకుడి పేరుతో "పెరిక్లిస్ స్వర్ణయుగం" అని ఓ పేరా, అక్రోపోలిస్ మీది పార్థెనాన్ గుడి బొమ్మ, అంతే. ఆ వైభవం వెనక ఎవరి డబ్బుందో, ఏథెన్స్‌కు ఎదురుతిరిగిన ఊళ్ల గతేమైందో పిల్లలకు చెప్పరు. తిరగబడిన మిటిలీనీ అనే ఊళ్లో మగవాళ్లందరినీ చంపమని 427లో ఏథెన్స్ సభ ఓటు వేసి, ఆ ఆజ్ఞతో ఓడను పంపింది. మర్నాడు మనసు మార్చుకుని, ఆ ఆజ్ఞను ఆపడానికి రెండో ఓడను పంపింది. తెడ్లు వదలకుండానే ద్రాక్షసారా, నూనె కలిపిన బార్లీ పిండి తింటూ, వంతులవారీగా నిద్రపోతూ వెళ్లారు కాబట్టి ఊరు బతికింది. అయినా వెయ్యిమందికి పైగా చంపారు. ఇలాంటి "మిత్రులు" కష్టకాలంలో నిలబడతారా? 413లో సిసిలీలో ఏథెన్స్ సేన తుడిచిపెట్టుకుపోతే, మరుసటి ఏడే కూటమిలోని కియోస్ దీవి తిరగబడింది. దాని వెనకే మిగతావీ.

నా మాట నమ్మకపోతే అదే మ్యూజియంలో ఉన్న మరో రాయి చూడండి. 377లో ఏథెన్స్ రెండో కూటమి పెట్టినప్పటిది. ఈసారి కప్పం వసూలు చేయం, మీ ఊళ్లో సైన్యం పెట్టం, అధికారిని పంపం, మీ నేల మీద మావాళ్లకు ఆస్తులు ఉండవు అని ఏథెన్స్ తనే చెక్కించి పెట్టింది. మొదటి కూటమి ఎందుకు చెడిందో ఏథెన్స్ వాళ్లకు బాగానే తెలుసు.