బరువు సరిపోయింది, ఫ్లోర్ ఒప్పుకోలేదు

ప్రశ్న: నేను విమానాల కార్గో లోడింగ్‌లో కొత్తగా చేరాను. మొన్న 480 కిలోల మెషిన్ పెట్టె వచ్చింది. పొడవు 120, వెడల్పు 80 సెంటీమీటర్లు. ఆ హోల్డ్ (విమానంలో సరుకు పెట్టే గది) ఫ్లోర్‌కి చదరపు మీటరుకు 732 కిలోలే పరిమితి అని మాన్యువల్‌లో ఉంది. నా లెక్కలో 500 వచ్చింది. అయినా సూపర్‌వైజర్ ఎక్కించనివ్వలేదు. "అడుగున స్కిడ్లు చూశావా?" అన్నారు, అంటే పెట్టె కింద కొట్టిన దిమ్మెలు. నా తప్పేమిటి?

జవాబు: మీ భాగహారం సరిగ్గానే ఉంది. కొలిచిన చోటే తప్పు. మీరు పెట్టెను పైనుంచి కొలిచారు. ఫ్లోర్‌కి తగిలేది అడుగు. వంగి చూడండి. 120 సెంటీమీటర్ల పొడవు, 10 సెంటీమీటర్ల వెడల్పున్న చెక్క స్కిడ్లు రెండు ఉన్నాయనుకుందాం. ఆ రెండూ కలిపి 0.24 చదరపు మీటరే. 480ని దానితో భాగిస్తే చదరపు మీటరుకు 2,000 కిలోలు! పరిమితికి దాదాపు మూడు రెట్లు.

లోడ్ షీట్ల (విమానంలో బరువుల లెక్క పత్రాల) పనిలో నాకు ఇరవై ఏళ్లు దాటాయి. మొదట్లో ఇలాంటి పెట్టె ఒకటి దింపాక టార్చి వేసి చూశాను. ఫ్లోర్ ప్యానెల్ మీద రెండు సమాంతర గీతలు. బొటనవేలితో నొక్కితే అక్కడ మెత్తగా లోపలికి పోయింది. పైపొర చెక్కు చెదరలేదు, లోపలి తేనెపట్టు లాంటి పొర నలిగిపోయింది. ఆ రోజు నుంచి అడుగు చూడకుండా ఏ పెట్టెకూ నేను సంతకం పెట్టలేదు.

మీ పెట్టెకు దారి ఉంది. స్కిడ్ల కింద అడ్డంగా నాలుగు పలకలు వేయండి. ఒక్కోటి మీటరు పొడవు, 20 సెంటీమీటర్ల వెడల్పు, 5 సెంటీమీటర్ల మందం. నాలుగూ కలిపి 0.8 చదరపు మీటరు. పలక ఏడేసి కిలోలనుకున్నా మొత్తం 508 కిలోలు, అంటే చదరపు మీటరుకు 635. సరిపోతుంది. పలకల బరువు కలపడం మాత్రం మరవకండి, చాలామంది అక్కడే జారిపోతారు. సన్న చెక్కలు పనికిరావు. అవి వంగిపోయి, బరువంతా మళ్లీ స్కిడ్ కిందే పడుతుంది.

ఇంకో పరిమితి కూడా చూడాలి. ముక్కు నుంచి తోక వైపు పొడవులో మీటరుకు ఎంత బరువు అన్నది. మీ పెట్టెను పొడవుగా పెడితే 480ని 1.2తో భాగించాలి, 400 వస్తుంది. అడ్డంగా తిప్పితే 0.8తో భాగించాలి, 600. పెట్టె అదే, బరువు అదే, తిప్పిన తీరు మారిందంతే. ఈ హద్దు దాటితే అడ్డం పలకలు ఆదుకోవు, పొడవుగా వేయాలి.

"నేల మీద ఉన్నప్పుడు ఏమీ కాలేదుగా" అని ఎవరైనా అంటే వినకండి. పెద్ద విమానాల నిర్మాణాన్ని గాల్లో మామూలు బరువుకు 2.5 రెట్ల భారానికి లెక్కగడతారు. గాలి కుదుపుల్లో మీ 480 కిలోలు తమ బరువుకు మించి నొక్కుతాయి. పెట్టెను జరిపేటప్పుడు ఇనప రాడ్‌తో ఒక మూల ఎత్తడం కూడా వద్దు. ఆ క్షణంలో బరువంతా ఎదుటి అంచు మీద, రాడ్ ఆనిన చోట పడుతుంది.

ప్రశ్న: పలకలు వేశాక పెట్టెను బిగించే కట్లు తక్కువైనా ఫర్వాలేదా?

జవాబు: అస్సలు కాదు. పలక ఫ్లోర్‌ని కాపాడుతుంది, పెట్టెను ఆపదు. 2013 ఏప్రిల్ 29న అఫ్గానిస్థాన్‌లోని బగ్రామ్‌లో ఒక బోయింగ్ 747 సరుకు విమానం టేకాఫ్ కాగానే లోపలి సైనిక వాహనం కట్లు తెంచుకుని వెనక్కి దూసుకుపోయింది. తోక భాగంలోని వ్యవస్థలు దెబ్బతిని విమానం కూలింది. ఏడుగురు సిబ్బందీ చనిపోయారు. కాబట్టి కట్ల లెక్క వేరే వేయండి. పలకల వల్ల పెట్టె 5 సెంటీమీటర్లు ఎత్తవుతుంది కదా, హోల్డ్ పైకప్పు దగ్గర ఖాళీని కూడా టేపు పెట్టి కొలవండి.