ప్రింటర్ ఆన్‌లోనే ఉన్నా ల్యాప్‌టాప్‌లో ‘ఆఫ్‌లైన్’ అని ఎందుకు కనిపిస్తుంది?

వైఫై ప్రింటర్ల విషయంలో దీనికి తరచుగా ఎదురయ్యే కారణం, ప్రింటర్ ఐపీ చిరునామా (నెట్‌వర్క్‌లో ఒక్కో పరికరాన్ని గుర్తించే సంఖ్య) మారిపోయినా ల్యాప్‌టాప్ ఇంకా పాత చిరునామాలోనే దాన్ని వెతుకుతూ ఉండడం. నెట్‌వర్క్‌లో చేరే పరికరాలకు రౌటర్ సాధారణంగా చిరునామాను శాశ్వతంగా కాక కొంత గడువుకు మాత్రమే కేటాయిస్తుంది కాబట్టి, ప్రింటర్‌ను కొన్నాళ్లు ఆపి ఉంచినా, రౌటర్‌ను ఆపి మళ్లీ వేసినా అది మారవచ్చు. ఉదాహరణకు, మొదట అమర్చినప్పుడు 192.168.1.5గా ఉన్న ప్రింటర్ చిరునామా ఇప్పుడు 192.168.1.9 అయితే, ల్యాప్‌టాప్ పాత చిరునామాకే పంపిన పేజీ జవాబు రాక వరుసలోనే నిలిచిపోతుంది. ప్రింటర్ తెర మీద గాని, అది ముద్రించి ఇచ్చే నెట్‌వర్క్ వివరాల పేజీలో గాని కొత్త చిరునామాను చూసి, విండోస్‌లో అయితే ప్రింటర్ ప్రాపర్టీస్‌లోని పోర్ట్స్ విభాగంలో దాన్ని చేర్చాలి. రౌటర్ సెట్టింగులలో ఒక చిరునామాను ప్రింటర్‌కే రిజర్వు చేయడం ఇంకా మేలు, అప్పుడది మారదు.

చాలామంది డ్రైవర్ (ప్రింటర్‌తో ల్యాప్‌టాప్ పనిచేయించే సాఫ్ట్‌వేర్) పాడైందనుకుని దాన్ని తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తారు. ఆ తర్వాత ప్రింటర్ పనిచేయడం నిజమే గాని, ఆ క్రమంలో ల్యాప్‌టాప్ కొత్త చిరునామాను కనుక్కోవడమే అందుకు కారణం, డ్రైవర్ కాదు.