గీతకు కేసు పెట్టొచ్చు, కడుపుమంటకు పెట్టలేం

ప్రశ్న: మాది గుంటూరు విద్యానగర్‌లో అపార్ట్‌మెంట్. మిర్చి కమీషన్ వ్యాపారం. ఈ మధ్య నలభై లక్షలు పెట్టి కారు కొన్నాను. అప్పటి నుంచి పక్క ఫ్లాట్ ఆయనకు కన్ను కుట్టింది. "యార్డులో రేటు పడితే రైతు మునుగుతాడు, మధ్యలో వాళ్లు కార్లు కొంటారు" అని పేరు రాయకుండా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూప్‌లో పెట్టాడు. రెండుసార్లు టైర్లలో గాలి తీసేశారు. పోయిన వారం ముందు డోర్ నుంచి వెనక లైటు దాకా ఎవరో తాళంచెవితో గీశారు. షోరూమ్‌లో 34 వేలవుతుందన్నారు. చూసినవాళ్లు లేరు కానీ ఆయనే అని నాకు తెలుసు. అడిగితే ఇన్‌కమ్ ట్యాక్స్ వాళ్లకి రాస్తానంటున్నాడు. మా కారు పెద్దది కావడంతో ఆయన స్కూటర్ తీసుకోవడానికి కొంచెం ఇబ్బంది అవుతున్న మాట నిజమే. కేసు పెట్టొచ్చా? సెల్లార్‌లో కెమెరా పెట్టించుకోవచ్చా?
(పేరు వద్దన్న పాఠకుడు, గుంటూరు)

జవాబు: మీ ఉత్తరంలో నేను రెండోసారి చదివిన వాక్యం స్కూటర్ గురించి రాసినది. ముందు మీ సేల్ డీడ్ తీసి, పార్కింగ్ గురించి ఏం రాశారో, ఎంత స్థలం ఇచ్చారో చూడండి. స్టిల్ట్ పార్కింగ్ (భవనం కింద స్తంభాల మధ్య బళ్లు పెట్టుకునే చోటు) ఉమ్మడి స్థలమని, బిల్డర్ దాన్ని విడిగా అమ్ముకోవడానికి లేదని సుప్రీంకోర్టు 2010లోనే చెప్పింది. మీ కారు మీకిచ్చిన గళ్లు దాటి ఉంటే అవతలి లాయర్ మొదట పట్టుకునేది అదే. టేపు పెట్టి కొలిచి, పార్కింగ్ గడి లోపలికి కారు జరిపి, ఫొటో తీసి ఉంచుకోండి.

ఇక కారు మీద పడిన గీత సంగతి. కావాలని ఇతరుల ఆస్తిని పాడుచేయడం భారతీయ న్యాయ సంహిత (పాత ఐపీసీ స్థానంలో వచ్చిన చట్టం) 324వ సెక్షన్ కింద నేరం. నష్టం 20 వేల నుంచి లక్ష లోపు ఉంటే రెండేళ్ల వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. మీ 34 వేలు ఇందులోకి వస్తాయి. అయితే ఎస్టిమేట్ నోటిమాటగా ఉంటే చాలదు, కాగితం మీద స్టాంపు వేయించి తీసుకోండి. "కావాలని" అన్నదీ ముఖ్యమే. పిల్లాడి సైకిల్ హ్యాండిల్ తగిలి పడిన గీతకు ఈ సెక్షన్ రాదు.

"ఆయనే అని నాకు తెలుసు" అన్నారు. కోర్టుకి అది తెలియదు. ఫిర్యాదులో ఏ రోజు, ఏ టైముకి కారు పెట్టారు, ఎప్పుడు చూశారు, గీత ఎక్కడి నుంచి ఎక్కడికి ఉంది, అంతకుముందు గాలి తీసిన తేదీలు ఏమిటి, ఇవే రాయండి. పక్కాయన గురించి "ఫలానా కారణాల వల్ల అనుమానం ఉంది" అనే రాయండి. ఆయనే గీశాడని ఖాయంగా రాసి రేపు నిరూపించలేకపోతే, పరువు నష్టం నోటీసు మీ ఇంటికే వస్తుంది. స్టేషన్‌లో "కోర్టు పర్మిషన్ కావాలి" అని పంపించేయాలని చూస్తారు. పోలీసులు నేరుగా దర్యాప్తు చేయలేని నేరమైనా సరే, నాగరిక్ సురక్షా సంహిత (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 174వ సెక్షన్ ప్రకారం మీరు చెప్పింది రిజిస్టర్‌లో నమోదు చేసుకోవాలి. ఆ ఎంట్రీ వివరం అడిగి తీసుకోండి. ఆ తర్వాత మేజిస్ట్రేట్ దగ్గరికి వెళ్లొచ్చు.

కెమెరా పెట్టించండి, కానీ సెల్లార్ అందరిదీ. అసోసియేషన్ మీటింగ్‌లో తీర్మానం రాయించి, ఖర్చు మీరే పెట్టుకుంటానంటే కాదనేవాళ్లు తక్కువ. ఫోకస్ మీ కారు మీదే ఉండాలి. ఆయన గుమ్మం, కిటికీ అందులో పడితే గొడవ మీరు కొనితెచ్చుకున్నట్టే. తీర్మానం కుదరకపోతే కారు ఆగి ఉన్నప్పుడు కూడా రికార్డు చేసే డ్యాష్‌కామ్ పెట్టుకోండి. ఏదైనా దొరికితే వెంటనే వేరే డ్రైవ్‌లోకి కాపీ చేయాలి, పాతదాని మీద కొత్తది ఎక్కేస్తుంది. ఒరిజినల్ రికార్డర్‌ని ఎవరికీ ఇవ్వొద్దు. ఆ ఫుటేజీ కోర్టులో చెల్లాలంటే కొత్త సాక్ష్యాల చట్టం, అంటే సాక్ష్య అధినియం 63వ సెక్షన్ సర్టిఫికెట్ (ఏ పరికరంలో ఎలా రికార్డయిందో ధ్రువీకరించే పత్రం) జతచేయాలి. మనవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే.

వాట్సాప్ మెసేజ్ మీద నా సలహా: వదిలేయండి. పేరు రాయకపోయినా మనిషి ఎవరో తెలిసిపోతే పరువు నష్టం కేసు వేయొచ్చు, నిజమే. కానీ ఆయన రాసింది కమీషన్ వ్యాపారులందరి మీద విమర్శలా కూడా చదువుకోవచ్చు. దానికోసం ఏళ్ల తరబడి వాయిదాలకు తిరగడం దండగ. స్క్రీన్‌షాట్ తీసి ఉంచండి. గ్రూప్‌లో జవాబు మాత్రం ఇవ్వొద్దు, ముఖ్యంగా రాత్రి పది తర్వాత.

ఇన్‌కమ్ ట్యాక్స్ బెదిరింపుకి టెన్షన్ పడకండి. పది లక్షలు దాటిన కారు కొన్నప్పుడు షోరూమ్ వాళ్లే ఒక శాతం పన్ను వసూలు చేసి మీ పాన్ మీద కడతారు. అంటే ఆకాశరామన్న ఉత్తరం అందకముందే ఆ శాఖకు మీ కారు సంగతి తెలుసు. డబ్బు ఎక్కడిదో లోన్ కాగితాల్లో, రిటర్నుల్లో కనిపిస్తే చాలు. కనిపించకపోతే మీకు నాకంటే ముందు ఆడిటర్ కావాలి.

రిపేరుకి ఇచ్చేముందు ఇన్సూరెన్స్ వాళ్లకి చెప్పండి. సమగ్ర పాలసీలో ఇతరులు కావాలని చేసిన నష్టానికి కవర్ ఉంటుంది. దిష్టి తీయించుకుంటారో లేదో మీ ఇష్టం, సర్వేయర్ చూసేదాకా గీత మాత్రం చెరపొద్దు. క్లెయిమ్ చేస్తే నో క్లెయిమ్ బోనస్ పోతుంది కాబట్టి, వచ్చే ఏడాది ప్రీమియం ఎంత పెరుగుతుందో అడిగి లెక్క వేసుకోండి. ఒక్కోసారి చేతి నుంచి పెట్టుకోవడమే నయం.

కేసు కంటే ముందు జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయ సేవాధికార సంస్థలో దరఖాస్తు ఇవ్వమంటాను. కోర్టు ఫీజు ఉండదు, ఇద్దరినీ పిలిచి కూర్చోబెడతారు. లోక్ అదాలత్‌లో కుదిరిన రాజీకి సివిల్ కోర్టు డిక్రీతో సమానమైన విలువ ఉంటుంది, దానిమీద అప్పీలు లేదు. పార్కింగ్ గళ్లు, కెమెరా, రిపేరు ఖర్చు మూడూ అక్కడే తేల్చుకోవచ్చు. అక్కడ తేలకపోతే మేజిస్ట్రేట్ కోర్టుకి వెళ్లడానికి గీత పడిన రోజు నుంచి మూడేళ్ల గడువు ఉంది. నష్టం 20 వేల లోపే అని తేలితే ఆ గడువు ఏడాదే. అందుకే ఆ ఎస్టిమేట్ కాగితం ఈ వారమే తీసుకోండి.