రద్దయిన విమాన టికెట్‌లో మీకు రావాల్సిన డబ్బు

ప్రశ్న: మాది కావలి. రిటైరైన టీచర్ని. మనవరాలి అక్షరాభ్యాసానికి చెన్నై నుంచి ఢిల్లీకి రెండు టికెట్లు తీసుకున్నాం. మొదట 4,600 రూపాయలని చూపించారు, డబ్బు కట్టేసరికి ఒక్కో టికెట్ ఐదున్నర వేలు దాటింది. ఈలోగా మా ఆవిడ మోకాలికి దెబ్బ తగిలి ప్రయాణం మానుకున్నాం. నాన్ రిఫండబుల్ కాబట్టి రూపాయి కూడా రాదంటున్నాడు ఏజెంటు. నిజమేనా?

జవాబు: నిజం కాదు మాస్టారూ. టికెట్ ప్రింటు తీసి ఛార్జీల వివరాలు ఒక్కో వరుసే చూడండి. 4,600 మూల ఛార్జీ, అది విమాన కంపెనీది. ఫ్యూయల్ సర్‌ఛార్జ్ అని విడిగా ఉంటే అదీ కంపెనీ వేసుకునేదే. వాళ్లు వదులుకోమంటే మనం చేయగలిగింది లేదు.

ఏఎస్ఎఫ్ అన్నచోట 236 కనిపిస్తుంది. ఇది భద్రతా రుసుము. దేశంలోపల ప్రయాణానికి 2021 ఏప్రిల్ నుంచి 200 రూపాయలు, దానిపై 18 శాతం జీఎస్టీ.

ఆ పక్కనే యూడీఎఫ్, అంటే విమానాశ్రయం వసూలు చేసే రుసుము. చెన్నైలాంటి పెద్ద విమానాశ్రయాలకు దీన్ని ఏరా అనే నియంత్రణ సంస్థ ఐదేళ్ల కాలానికి లెక్కగట్టి నిర్ణయిస్తుంది. రన్‌వే, టెర్మినల్ మీద పెట్టిన పెట్టుబడికి రాబడి, తరుగుదల, నిర్వహణ ఖర్చు కలుపుతారు. అందులోంచి షాపులు, పార్కింగ్ లాంటి వాటి ఆదాయంలో 30 శాతం తీసేస్తారు. మిగిలింది విమానాల ల్యాండింగ్ ఛార్జీల నుంచి, మన టికెట్ల నుంచి రాబడతారు. అందుకే ఊరు మారితే ఈ అంకె మారుతుంది. రేణిగుంట, చెన్నై విమానాశ్రయాల టికెట్లు పోల్చేటప్పుడు మూల ఛార్జీ కాదు, చివరి మొత్తం చూడండి. కావలి నుంచి అక్కడికి చేరే ఖర్చూ కలుపుకోండి.

ఇప్పుడు అసలు విషయం. ప్రయాణం చేయకపోతే ఏఎస్ఎఫ్, యూడీఎఫ్ తిరిగి ఇవ్వాల్సిందే. ఆఫర్ టికెట్లకైనా, నాన్ రిఫండబుల్‌కైనా, ఎయిర్‌పోర్టుకు వెళ్లకుండా ఊరుకున్నా విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నిబంధన ఇదే. ఆ డబ్బు తిరిగి ఇవ్వడానికి విడిగా ఛార్జీ కూడా తీసుకోకూడదు. ఏజెంటు దగ్గర కొన్నా బాధ్యత విమాన కంపెనీదే. జీఎస్టీ సంగతి వేరు. ఎకానమీకి 5 శాతం, అంటే 4,600 మీద 230. కంపెనీ ఉంచుకునే క్యాన్సిలేషన్ ఛార్జీ మీదా అదే పన్ను పడుతుంది కాబట్టి దాని మీద ఆశ పెట్టుకోకండి. కన్వీనియెన్స్ ఫీజు, అంటే ఆన్‌లైన్ బుకింగ్‌కి వేసే రుసుము కూడా సాధారణంగా రాదు. అది మనిషికింత అని పడుతుంది కాబట్టి ఇద్దరి టికెట్లకు రెట్టింపయి ఉంటుంది.

టెన్షన్ పడకండి. పీఎన్ఆర్ నంబరు వేసి, ఏఎస్ఎఫ్, యూడీఎఫ్ వాపసు కావాలని కంపెనీకి ఈమెయిల్ రాయండి, ఏజెంటుకు కాపీ పెట్టండి. పలకకపోతే కేంద్ర పౌర విమానయాన శాఖ వారి ఎయిర్‌సేవా పోర్టల్‌లో ఫిర్యాదు చేయండి, లేదా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. అమ్మగారి మోకాలు కుదుటపడ్డాక మళ్లీ బుక్ చేసేటప్పుడు, సీటుకో ఇన్సూరెన్స్‌కో ముందే టిక్ పెట్టి ఉందేమో చూసి, అక్కర్లేకపోతే తీసేశాకే డబ్బు కట్టండి.